కాళ్ళు చల్లగా ఉన్నాయని

నవంబరు 4

ముత్తప్పను ఈరోజు ఇంటికి పంపించేశాం. కాగితం రాసింది నేనే. "ఫిజియోథెరపీ చేయించాలి. నెల తర్వాత చూపించుకోవాలి." ఎక్కడ చేయించాలో రాయలేదు. వాళ్ళ ఊరు హోసూరు నుంచి కెలమంగలం దాటి ఇంకా లోపలికి. అక్కడ ఫిజియోథెరపీ సంగతి దేవుడెరుగు, జ్వరం బిళ్ళ కావాలన్నా బస్సెక్కాలి.

మేకలకు ఆకు కొట్టడానికి పనస చెట్టెక్కి పడ్డాడు. ముప్ఫై దాటి ఉండవు. గురుమూర్తి సార్ వెన్నులో రాడ్లు వేసి చక్కగా నిలబెట్టారు, ఎముకను. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. పాదం మీద సూదితో గుచ్చి "తెలుస్తోందా?" అంటే, నన్ను బాధపెట్టడం ఇష్టం లేనట్టు "రవ్వంత తెలస్తాదమ్మా" అంటాడు. కళ్ళు మూసుకోమని గుచ్చితే మాట్లాడడు.

భార్య అమ్ములు అడిగింది, ఎప్పుడు నడుస్తాడని. "చూద్దాం" అన్నాను. డాక్టర్ల నోటికి ఇంత సుఖమైన మాట ఇంకోటి లేదు. తల్లి మునివెంకటమ్మ మాత్రం నడక ఊసే ఎత్తలేదు.

"ఇంట్లో యాడ పండబెట్టేది డాక్టరమ్మా? మా ఇంటికి మెట్లుండాయి. గడప మోకాలెత్తుండాది. నీళ్ళు పోసుకునే తడికె వెనక్కి పోవాలంటే నేనే వంగి పోవాల."

నా చదువులో ఎక్కడా ఈ ప్రశ్న రాలేదు. అయినా బుర్ర పని చేసింది. చదునైన గచ్చు, వెడల్పు తలుపు ఉన్న చోటు ఇంకేదైనా ఉందా అని అడిగాను. పట్టుపురుగుల షెడ్డు ఉందట. మెట్లు లేవు, సిమెంటు నేల, ఆకు గంపలు పట్టేంత తలుపు, లోపల వెచ్చగా ఉంటుంది. "అయితే అక్కడే పడక వేయండి" అన్నాను. ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆయన లోహిత్‌కు రెండుసార్లు చెప్పాను. "డాక్టరువి కాకపోయుంటే మేస్త్రీవి అయ్యుండేదానివి" అన్నాడు. అననీ. ఇవాళ ఒక మంచి పని చేశాను.

నవంబరు 5

ఏమీ లేదు. డ్యూటీ, నిద్ర.

నవంబరు 12

గురుమూర్తి సార్‌ను అడిగాను, ముత్తప్పకు ఇంకా ఏం చేయగలమని.

"మన పని రాడ్డు వరకే ప్రవీణా" అన్నారు. విసుగ్గా కాదు, నిజంగానే తెలియనట్టు. "ఆపరేషన్‌కు సర్కారు బీమా కార్డుంది. తర్వాత దానికి ఏముంది? నాకూ ఎవరూ చెప్పలేదమ్మా. పునరావాస వైద్యం ఎవరు చదువుతారు? నువ్వు చదువుతావా?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. పీజీ ఎంట్రన్సు పుస్తకాలు బల్ల మీద అలాగే ఉన్నాయి.

మా కాలేజీలో ఆ శాఖకు ఒక గది ఉండేది. బోర్డు ఉండేది. తలుపుకు తాళం ఉండేది. విరిగిన మంచాలు, దుమ్ము పట్టిన ఒక చక్రాల కుర్చీ కిటికీలోంచి కనిపించేవి. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదని సీనియర్లు ముందే చెప్పారు. నిజమే, రాలేదు. వచ్చింది మునివెంకటమ్మ నోట్లోంచి.

నవంబరు 18

ఇవాళ చక్రి వచ్చాడు. ఇక్కడి కార్ఖానాలో ఇంజనీరు, రాజమండ్రి వైపు మనిషి. మార్చిలో బైకు మీద నుంచి పడ్డాడు. అదే వెన్నుపూస, అదే డాక్టరు, అవే రాడ్లు. కంపెనీ ఇన్సూరెన్సు వాళ్ళు కుట్లు విప్పగానే బెంగళూరులో పునరావాసానికి చేర్చారు. నెలల తరబడి అక్కడే ఉన్నాడు. ఇప్పుడు కుర్చీలో తనే వచ్చాడు, తనే మంచం మీదికి ఎక్కాడు. నేను సాయానికి చెయ్యి పెట్టబోతే "అక్కర్లేదు మేడమ్, మీరు పట్టుకుంటే ఇద్దరం పడతాం" అని నవ్వాడు.

సంచిలోంచి ఒక అద్దం తీసి చూపించాడు. పొడుగాటి పిడి, చివర వంచుకునే వీలు. పొద్దున, సాయంత్రం తన వీపు, పిరుదులు తనే చూసుకుంటాడట. ఎర్రబడితే ఆ వైపు పడుకోడు. కూర్చున్నచోట మధ్యమధ్య చేతుల మీద లేస్తాడట, అడుగు భాగానికి గాలి తగలడానికి. నేను కాగితం తీసి రాసుకుంటుంటే "మీకు తెలీదా?" అన్నాడు. పాపం, ఎగతాళికి అనలేదు.

మనిషి భలే సరదా మనిషి. ఆ మధ్య క్రికెట్ చూస్తూ టీ గ్లాసు తొడ మీద పెట్టుకుని మరిచిపోయాడట. తీసేసరికి చర్మం గ్లాసుతో వచ్చిందట. "మా ఆవిడ చేసే టీలో అంత వేడి ఎప్పుడూ లేదు మేడమ్, ఆ రోజే ఎందుకుందో!" అన్నాడు. నర్సులతో సహా అందరం నవ్వాం. మచ్చ కూడా చూపించాడు, గ్లాసు అడుగంత.

వెళ్తూ వెళ్తూ ఒక ఫోన్ నంబరు ఇచ్చాడు. బెంగళూరు అవతల ధర్మానికి నడిపే కేంద్రం ఉందట, పేదవాళ్ళను చేర్చుకుంటారట. అద్దం కూడా ఇచ్చేశాడు. తన దగ్గర ఇంకోటి ఉందట.

నవంబరు 20

కేంద్రానికి ఫోన్ చేశాను. ముత్తప్ప పేరు రాసుకున్నారు. పడకలు తక్కువ, ఖాళీ అయినప్పుడు పిలుస్తామన్నారు. ఒకటే షరతు. ఒంటి మీద గాయం ఉండకూడదు. పుండుతో వచ్చినవాళ్ళను చేర్చుకోరు. వ్యాయామాలు చేయించలేరు, పక్కవాళ్ళకు అంటుకుంటుంది. మానాక మళ్ళీ కొత్తగా పేరు రాయించుకోవాలి.

సరే. చర్మం ఒక్కటే కదా. చర్మం కాపాడుకోలేమా?

నవంబరు 24

ఆదివారం. లోహిత్ బండి మీద వాళ్ళ ఊరికి పోయాం. మా ఆస్పత్రికి కృష్ణగిరి నుంచి వచ్చే ఫిజియో ప్రసాదు తన బండి మీద వెనకే వచ్చాడు. అద్దం ఇంట్లోనే మరిచిపోయాను. తిట్టుకున్నాను.

షెడ్డు బ్రహ్మాండంగా ఉంది. పురుగుల తట్టలు లేవు, ఖాళీగా కడిగిపెట్టారు. తలుపు దగ్గర, గాలీ వెలుతురూ వచ్చేచోట ముత్తప్ప మంచం. చీర అడ్డం కట్టారు. వీపు చూశాను, ఎక్కడా మచ్చ లేదు. పుండు పడకుండా గంటలు లెక్కపెట్టి అటూ ఇటూ తిప్పాలని చెప్తే అమ్ములు బిక్కమొహం వేసింది. మునివెంకటమ్మ అందుకుంది.

"పురుగులకు ఆకేసినట్టే కదా డాక్టరమ్మా. ఆకేసే పొద్దుకల్లా ఆయప్పను తిప్పుతాము. మాకు గడియారాలెందుకు?"

ప్రసాదు అతన్ని కూర్చోబెట్టాడు. గోడకు ఆనుకుని, చేతులు రెండు వైపులా ఊని, వణుకుతూ కూర్చున్నాడు ముత్తప్ప. బయట దొడ్డిలో మేకలు అరుస్తున్నాయి. అటు చూశాడు, మంచం మీద నుంచి దొడ్డి కనబడదు.

"నడకొద్దమ్మా నాకు" అన్నాడు. "నాకు తెలుసు, అమ్ములు ముందర చెప్పలేదు గానీ. దొడ్డిదాకా నా అంతట నేను పోయి కూచుంటే చాలు. ఏ మేక ఈనిందో, దేనికి కాలు కుంటో నేను చూసుకోవాల. ఆడోళ్ళకు తెలీదప్పా" అని చివరి మాట లోహిత్‌తో అన్నాడు. అమ్ములు "ఆఁ, మాకేం తెలుసు, మేపేది మేము కాదుగా" అంది. అందరూ నవ్వారు. అతను కూడా.

ఆ కేంద్రంలో సరిగ్గా అదే నేర్పుతారు. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలో దొడ్డిదాకా. పుండు పడితే మాత్రం పడక పోతుందని ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. ముగ్గురూ తల ఊపారు.

డిసెంబరు 1

ప్రసాదు పోయి వచ్చాడు. ముత్తప్ప ఆనుకోకుండా కాసేపు కూర్చున్నాడట!

డిసెంబరు 8

ప్రసాదును షెడ్డు బయటే ఆపేశారట. కొత్త పట్టుపురుగులను లోపల దించారట. పంట చేతికొచ్చేదాకా బయటివాళ్ళు రాకూడదట. పంటేమిటి, పురుగులేమిటి? మనిషి కంటే పురుగులు ఎక్కువా? ఇవాళంతా నాకు తిక్కగా ఉంది.

డిసెంబరు 15

నేనే పోయాను, అద్దం పట్టుకుని. నన్నూ ఆపింది మునివెంకటమ్మ.

షెడ్డు గుమ్మంలో బ్లీచింగు నీళ్ళ గోనె పట్టా, దాని ముందు సున్నపు గీత. ఆ గీత దాటనివ్వలేదు. కోపంగా కూడా లేదు, పసిబిడ్డ ఉన్న ఇంట్లో చుట్టాల్ని ఆపినంత మామూలుగా ఆపింది. కిందటేడు ఎవరో బంధువు సెంటు పూసుకుని లోపలికొచ్చాడట, పంటంతా రోగమొచ్చి పోయిందట. ఇప్పుడు ముత్తప్ప సంపాదన లేదు, ఇల్లు నడిచేది ఈ పంట మీదే.

"నీ మీద ఆస్పత్రి వాసన ఉండాది తల్లీ. పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. ఇప్పుడు తగిలితే పోతాయి."

పొర విడిచే ముందు పురుగులు మేత మాని కదలకుండా పడుకుంటాయి. దాన్ని వీళ్ళు జ్వరం అంటారు. అది లేచాక రాత్రీ పగలూ ఆకు వేస్తూనే ఉండాలట. అద్దం ఇవ్వబోతే అదీ వద్దంది. ఆస్పత్రి నుంచి వచ్చిన వస్తువు, పట్టుగూళ్ళు తీశాక ఇవ్వమంది.

"మరి ముత్తప్ప?"

"ఆయప్ప బయటోడా? ఆయప్ప పురుగుల మనిషే. లోపలే ఉంటాడు."

మరి ఈ షెడ్డు ఎన్నుకున్నది ఎవరు? నేనే. ఖాళీగా ఉందనుకున్నాను. రెండు పంటల మధ్య ఖాళీ అని నాకేం తెలుసు.

కిటికీ వల దగ్గరికి పోయి పిలిచాను. లోపల చీకటి. తట్టల మీద ఆకు వాసన. ముత్తప్ప గొంతు వినబడింది. బాగానే ఉన్నానన్నాడు. వీపు సంగతి అడిగితే అమ్ములు చెప్పింది, ఆకేసినప్పుడల్లా తిప్పుతున్నారట, చర్మం నున్నగా ఉందట. దేవుడా, బతికించారు.

చలి కూడా బాగా ఎక్కువైంది. హోసూరులోనే వణికిపోతున్నాం, ఇక్కడ పొలాల్లో చెప్పక్కర్లేదు. "కాళ్ళు మాత్రం మంచుగడ్డల్లా ఉండాయమ్మా, ఎంత రుద్దినా వేడెక్కవు" అంది అమ్ములు. అవును, పని చేయని కాళ్ళకు రక్తం సరిగా తిరగదు. కప్పండి, వెచ్చగా ఉంచండి అని చెప్పాను. వీపు ఒక్కటీ జాగ్రత్త అని మళ్ళీ చెప్పాను. అద్దం మళ్ళీ ఇంటికే వచ్చింది.

డిసెంబరు 21

చలి. జలుబు. ఫోన్ రాలేదు.

డిసెంబరు 27

ఫోన్ వచ్చింది! జనవరి ఆరున పడక. ముందు రోజుకల్లా రమ్మన్నారు. గాయాలేమీ లేవు కదా అని మళ్ళీ అడిగారు. లేవని చెప్పాను, గట్టిగా.

గురుమూర్తి సార్‌కు చెప్తే భుజం తట్టారు. లోహిత్ బిరియానీ తెచ్చాడు. ఎవరో నాకే పడక ఇచ్చినట్టు ఉంది.

డిసెంబరు 28

అమ్ములుకు ఫోన్ చేశాను. కేక పెట్టింది సంతోషంతో. పురుగులు కూడా పండాయట, చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కిస్తున్నారట, ఇంక గూళ్ళు కట్టుకోవడమే. "అన్నీ ఒక్కసారే కలిసొచ్చినాయి డాక్టరమ్మా!" అంది. పెట్టేసే ముందు, కాలి మీద చిన్న బొబ్బ లేచింది, పసుపు పెట్టినాము, ఏం పర్వాలేదు కదా అని అడిగింది.

దోమ కుట్టి ఉంటుంది. చెప్పు రాసుకుని ఉంటుంది.

చెప్పులు వేసుకోడుగా.

డిసెంబరు 29

దోమే అయి ఉంటుంది. నాకు డ్యూటీ ఉంది. గూళ్ళు గట్టిపడేదాకా షెడ్డులోకి ఎలాగూ రానివ్వరు. గురువారం పోతాను.

జనవరి 2

షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. గోనె పట్టా తీసేశారు. చంద్రికల నిండా తెల్లటి గూళ్ళు. మునివెంకటమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది, ముందు గూళ్ళు చూపించింది. ఇంత మంచి పంట ఈ మధ్య రాలేదంది. తర్వాత కొడుకును పక్కకు తిప్పి వీపు చూపించింది, గూళ్ళు చూపించినంత గర్వంగా.

వీపు అద్దంలా ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. మా ఆస్పత్రిలో ఏసీ గదిలో పడుకున్నవాళ్ళకు కూడా ఇంత శుభ్రమైన వీపు నేను చూడలేదు.

కుడి పాదానికి పాత చీర ముక్క చుట్టి ఉంది. విప్పాను. మడమ నుంచి చిటికెన వేలి దాకా నల్లగా, మధ్యలో తెల్లగా, అంచుల వెంట చీము.

మంచం కాళ్ళ వైపు, కిందనే, బొగ్గుల కుంపటి. పురుగులకు చలి తగలకుండా షెడ్డులో అక్కడక్కడా పెట్టే కుంపట్లలో ఒకటి.

"ఇది ఇక్కడ ఎప్పటి నుంచి ఉంది?"

"నువ్వొచ్చి పోయినప్పటి నుంచి" అంది మునివెంకటమ్మ. "కాళ్ళు చల్లగా ఉండాయంటే వెచ్చగా పెట్టమని చెప్పినావు కదా తల్లీ. పురుగుల కాడ నుంచి ఒకటి తీసి ఆయప్పకు పెట్టినాము. నేను చెయ్యి పెట్టి పెట్టి చూస్తానే ఉంటిని. ఇప్పుడు చూడు, ఎంత వెచ్చగుండాయో."

నన్ను నిందించడం లేదు. చెప్పిన పని సరిగా చేశామని చూపిస్తోంది. కాలు మంచం పట్టె దాటి కిందికి జారి కుంపటి అంచుకు ఆనుకుని ఉంటుంది ఏదో ఒక పూట, నిప్పులు కొత్తగా వేసినప్పుడు. అతనికి తెలియలేదు. తెలిసే వీలు లేదు. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చక్రి టీ గ్లాసు గురించి చెప్పినప్పుడు నేను నవ్వాను.

ముత్తప్ప నా మొహం చూస్తున్నాడు. "నొప్పి లేదమ్మా, రవ్వంత కూడా" అన్నాడు, నాకు ధైర్యం చెప్పడానికి.

జనవరి 3

కేంద్రానికి ఫోన్ చేశాను. చిన్న గాయమన్నాను. ఫోటో పంపమన్నారు. పంపాను. చూసి అక్కడి ఆవిడ నెమ్మదిగా చెప్పింది, ఇది చర్మం అతికించాల్సిన కాలిన గాయం, మానడానికి నెలలు పట్టొచ్చు, మానాక మళ్ళీ పేరు రాయించండి అని. బతిమాలాను. ఏడ్చాను కూడా. ఆవిడ తప్పేమీ లేదు. గాయాలు లేవని ఫోన్‌లో గట్టిగా చెప్పింది నేను.

జనవరి 4

రాయబుద్ధి కావడం లేదు.

జనవరి 6

ఇవాళ ఆ పడక మీద ఎవరో పడుకుని ఉంటారు. వాళ్ళ చర్మం బాగుండాలి.

జనవరి 11

ముత్తప్ప మళ్ళీ మా వార్డులో ఉన్నాడు. గురుమూర్తి సార్ చచ్చిన చర్మం కోసేశారు. మత్తు ఇవ్వకుండానే కోశారు, అవసరం లేదు కదా. ముత్తప్ప తల కింద చేతులు పెట్టుకుని, ఎవరి కాలో కోస్తున్నట్టు చూశాడు. "మేక గిట్ట కోసినట్టే ఉండాదే" అన్నాడు. సార్ బయటికొచ్చాక చేతులు కడుక్కుంటూ, "కుంపటి సంగతి నాకూ తట్టి ఉండేది కాదు ప్రవీణా" అన్నారు. ఓదార్పుకే అన్నారు. నాకు ఇంకా భయమేసింది.

లోహిత్ అడిగాడు, ఎంట్రన్సులో ర్యాంకు వస్తే ఏ బ్రాంచి పెడతావని. ఆ తాళం వేసిన గది పేరు నోటిదాకా వచ్చింది. రేడియాలజీ అన్నాను.

జనవరి 17

నిన్న ఇంటికి పంపాం. కాగితం నిండా రాశాను ఈసారి. వేడినీళ్ళు వద్దు, నిప్పు వద్దు, ఎండలో కాగిన రాయి వద్దు. వెనక పేజీ కూడా నిండింది. అమ్ములుకు చదవడం రాదని ఆఖర్న గుర్తొచ్చింది. కూర్చోబెట్టి అంతా నోటితో చెప్పాను. వింటూ వింటూ "ఇదంతా మొదట్లోనే చెప్పకూడదా అమ్మా" అంది. అడిగింది అంతే. కోపం లేదు.

జనవరి 26

వాళ్ళ ఊరికి పోయాం. షెడ్డులో సున్నం కొడుతున్నారు, మళ్ళీ పంటకు సిద్ధం. ముత్తప్పను ఇంటి వసారాలోకి మార్చారు. పైన రేకు, పక్కన గోడ. అక్కడి నుంచి కిందికి మెట్లే. చక్రాల కుర్చీ వచ్చినా దిగదు.

అద్దం ఇచ్చాను, చివరికి. పిడి ఎలా పట్టుకోవాలో, వీపు ఎలా చూసుకోవాలో, కాళ్ళ అడుగు ఎలా చూసుకోవాలో చూపించాను. శ్రద్ధగా విన్నాడు. తను కూడా అటూ ఇటూ వంచి చూశాడు. ఒక్కసారి ఆగిపోయాడు. కొంచెం వంచాడు, ఇంకొంచెం ఎత్తాడు.

"అమ్ములూ! ఆ నల్లది ఈనేట్టుండాది! పొదుగు చూడు, బేగ పో!"

అద్దంలో గోడ అవతల దొడ్డి కనబడుతోంది. మేకలు కనబడుతున్నాయి. అమ్ములు పరుగెత్తింది. అతను అద్దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నవ్వుతున్నాడు. పడక మళ్ళీ ఎప్పుడు వస్తుందని అడగలేదు. కట్టు కట్టిన పాదం దుప్పట్లోంచి బయటికి వచ్చి ఉంది. నేను కప్పాను. అతనికి తెలియలేదు.

సాయంత్రం చక్రి ఫోన్ చేశాడు. అద్దం వాడుతున్నాడా మేడమ్, పొద్దునా సాయంత్రం చూసుకుంటున్నాడా అని అడిగాడు.

చూసుకుంటున్నాడన్నాను.